నడిబజారు గుండం, ఖాసింబీ అరుగు

ఈ ప్రయాణం నా సరదా కొద్దీ మొదలుపెట్టింది కాదు, ఒకరి పని మీద పోయింది. మా బడిలో లెక్కలు చెప్పే స్వరూపది ఎల్లారెడ్డి. వచ్చే శ్రావణంలో వాళ్లమ్మాయి పెళ్లి. వాళ్లింట్లో అమ్మమ్మ నాటి నుంచి పెళ్లిగాజులు తొడిగింది ఎల్లారెడ్డి పాత బజారులోని ఖాసింబీ వాళ్లేనట, ఈ పిల్లకూ ఆ చేతులే తొడగాలట. హైదరాబాదులో గాజుల దుకాణాలకు కరువా అంటే వినదు. ఫోన్ చేస్తే ఖాసింబీ ఎత్తడం లేదు. స్వరూపకు పెళ్లి పనులతో ఆదివారం కూడా తీరిక లేదు. "నువ్వెట్లాగూ పాత బజార్లంటే పడి చస్తావు కదా, ఒకసారి పోయి అడిగి రారాదు" అని పని నా నెత్తిన పెట్టింది. ఆమె అన్నది నిజమే. కోటలకూ గుళ్లకూ రమ్మంటే మోకాళ్ల నొప్పులు చెప్పే నేను, ఏదైనా ఊళ్లో పాత బజారు మిగిలి ఉందంటే మాత్రం సంచి సర్దుకుంటాను. కాకపోతే నాకో దరిద్రం ఉంది. నేను చేరేసరికి ఆ బజారు ఎప్పుడూ సగమే ఉంటుంది. ఈసారీ అంతే అయింది, ముందే చెప్పేస్తున్నాను, ఉత్సాహంగా చదవడం మొదలుపెట్టిన వాళ్లు నన్ను తిట్టుకోకుండా.

ఆదివారం తెల్లవారే కాచిగూడలో రైలెక్కితే రెండు గంటలు దాటి మరికాసేపటికి కామారెడ్డిలో దింపింది. జనరల్ టికెట్టు వంద లోపే. కూర్చోవడానికి చోటు దొరికింది గానీ కిటికీ దగ్గర కాదు, దొరికినా చూడటానికి ఏమీ లేదు, మేడ్చల్ దాటినప్పటి నుంచి ఒకటే ముసురు. కామారెడ్డి స్టేషన్ రోడ్డు కూడా ఒకప్పుడు చెప్పుకోదగ్గ బజారే అయి ఉంటుంది. ఇప్పుడు బంగారం దుకాణాలు, బట్టల దుకాణాలు, దుబాయికి టికెట్లు తీసే ఆఫీసులు, వాటి మీద ఒకదాన్నొకటి కప్పేసిన బోర్డులు. బోర్డుల పైకి తలెత్తి చూస్తే రెండో అంతస్తులో సున్నం పూల పని, చెక్క కిటికీలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఎవరూ తలెత్తరు కాబట్టే అవి బతికాయేమో. ఒక చిన్న హోటల్లో పూరీ తిన్నాను. వండే ఆయన నేను ఎక్కడికి పోతున్నానో అడిగి, ఎల్లారెడ్డి అని చెప్పగానే, ముందే తినేసి మంచిపని చేశానన్నాడు. నలభై రూపాయలకు నాలుగు పూరీలు, కూర మాత్రం మళ్లీ మళ్లీ వడ్డించాడు.

షేర్ ఆటోలో బస్టాండుకు పోతే ఎల్లారెడ్డి బస్సులు తరచుగానే ఉన్నాయి. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు లేదు, మగవాళ్లు డెబ్బై, ఎనభై చేతిలో పెట్టుకుంటే చాలు. లింగంపేట మీదుగా గంటన్నర లోపు ప్రయాణం. లింగంపేటలో మంచి మెట్ల బావి ఉంది, తీరికున్న వాళ్లు దిగి చూడొచ్చు. నేను వాన చూసి దిగలేదు. తోవ పొడుగునా దున్ని వదిలేసిన మడులు, గొడుగు లేక చెట్ల కింద ముడుచుకున్న మేకలు. కండక్టరమ్మ ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, ఎల్లారెడ్డిలో ఎవరింటికని అడిగింది. చుట్టాలెవరూ లేరు, పాత బజారు చూడటానికని చెప్పాను.

"బజార్ల ఏమున్నదక్కా ఇప్పుడు? తొవ్వ ఒక్కటే ఉన్నది" అంది.

ఆ మాట వేళాకోళమనుకున్నాను. దిగి చూశాక తెలిసింది, ఉన్నదున్నట్టే చెప్పిందని. బస్టాండు దగ్గర నుంచి ఎడమకు తిరిగితే పాత బజారు. కొత్త సిమెంటు రోడ్డు నున్నగా, తెల్లగా, ఊరికి మించిన వెడల్పుతో పరుచుకుని ఉంది. దానికి రెండు పక్కలా ఇండ్లు ముందు భాగం కోసేసి నిలబెట్టినట్టున్నాయి. ఎన్నడూ ఎండ చూడని లోపలి గోడలు ఇప్పుడు బజారు వైపు తిరిగి వానకు తడుస్తున్నాయి, నీలం రంగు గది, ఆకుపచ్చ గది, ఇంకో ఇంట్లో దీపం మసి పట్టిన గూడు. ఒక మేడ మెట్లు పైకి పోయి ఎక్కడికీ చేరకుండా ఆగిపోయాయి. పరాయి వాళ్ల ఇంట్లోకి అడగకుండా తొంగి చూసినట్టనిపించి తల దించుకుని నడిచాను.

ఈ బజారు సంగతి నాకు కొంత స్వరూప చెప్పింది, మిగతాది అక్కడి బట్టల దుకాణం పెద్దమనిషి చెప్పాడు. వాన నుంచి తప్పించుకుందామని ఆయన రేకుల కిందకు చేరితే, కొనేదేమీ లేదని తెలిసినా కుర్చీ వేశాడు. నైజాం కాలంలో నిజాంసాగర్ వైపు నుంచి వడ్ల బండ్లు ఈ తోవనే వచ్చేవట. బండ్ల వాళ్లు రాత్రి పడుకునేందుకే ప్రతి దుకాణం ముందూ రాతి అరుగు, దాని మీద నాలుగు చెక్క స్తంభాల పంచ ఉండేవట. బండ్లు పోయి లారీలు వచ్చినా అరుగులు అట్లాగే ఉన్నాయి. పగలు వాటి మీద దర్జీలు, గాజుల వాళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. బజారు మధ్యలో పీర్ల చావడి, దాని ఎదురుగా నడితోవలో గుండం. మొహర్రం నెల కనబడగానే అక్కడ గొయ్యి తవ్వి నిప్పు వేస్తారు, పీర్లు లేచే రోజుల్లో హిందువులూ ముస్లిములూ దాని చుట్టూ తిరుగుతారు. పండుగ అయ్యాక పూడ్చేస్తారు, మళ్లీ ఏడాది దాకా దాని మీద నుంచే బండ్లు పోతాయి. ఊరి వాళ్లు ఏ అడ్రసు చెప్పినా గుండానికి ఇటు, గుండానికి అటు అనే చెప్పేవాళ్లట.

అసలు సంగతి ఇక్కడే ఉంది. రోడ్డు వెడల్పు ఖాయమైనప్పుడు, తోవ నడిమధ్య నుంచి రెండు పక్కలా ఇంత అని కొలత చెప్పి, మిషను పెట్టి కూలుస్తామన్నారు. మిషను వస్తే స్తంభాలు, దూలాలు, తలుపులు అన్నీ నుగ్గవుతాయి. అందుకని బజారు వాళ్లంతా కూర్చుని, ఎవరి ముందు భాగం వాళ్లే ముందుగా విప్పుకుందామని ఒక మాట మీదికి వచ్చారు. దానికి నడిమధ్య ఎక్కడో తెలియాలి. అది కూడా అడగాలా, గుండమే నడిబజారు అన్నారు అందరూ. తాతల నాటి నుంచి ఆ మాటే కదా. ఏటా గుండం తవ్వే మల్లయ్యను పిలిచారు. పూడ్చిన గొయ్యి జాడ అతనికే సరిగ్గా తెలుసు. అతను తాడు కొస పట్టుకుని గుండం మీద నిలబడ్డాడు, రెండో కొస రెండు పక్కలా లాగి ముగ్గు గీశారు, ఆ గీత దాకా రెండు వరసల వాళ్లూ విప్పేసుకున్నారు. నెల తిరగ్గానే ఇంజినీర్లు మూడు కాళ్ల కొలత మిషనుతో వచ్చి వేరే చోట మేకు దిగ్గొట్టారు. నడిమధ్య గుండం కాదు. గుండానికి రెండు మూరలు ఇటుగా, ఈ బట్టల దుకాణం వైపుగా ఉంది.

దాంతో ఈ వరస వాళ్లు రెండోసారి విప్పుకోవలసి వచ్చింది. పెద్దమనిషి ఆ విసుగు ఇంకా మరిచిపోలేదు. నేను మరి అటు వరస వాళ్ల సంగతేమిటని అడిగాను. అటు వాళ్లు అక్కర్లేకుండానే రెండు మూరలు ఎక్కువ విప్పుకున్నారని చెప్పాడు. లోతు దుకాణాలున్న వాళ్లకు పెద్ద తేడా ఏమీ రాలేదట. గాజుల ఖాసింబీది మాత్రం అరుగు, దాని వెనక చిన్న గది, అంతే, ఆ వెనక గోడ వేరే వాళ్లది. అరుగు ఎట్లాగూ పోయేదే. గది ఉండవలసింది. అదీ పోయిందని చెప్పి ఆయన గొంతు తగ్గించాడు, ఆమె మధ్యాహ్నం తర్వాత గానీ రాదు, అందాకా బస్టాండు దగ్గర చాయ్ తాగి రమ్మని నాకు దారి చూపించాడు. నేను ఎవరి కోసం వచ్చానో అప్పటికి ఆయనకు చెప్పనే లేదు.

చాయ్ హోటల్లో బల్ల మీద ఒక ముసలాయన గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. హోటలతను "మల్లన్నా, ఇంకో చాయ్ పొయ్యాల్నా" అని అడగడంతో ఆయనెవరో తెలిసింది. ఎదురుగా కూర్చుని నేను ఫలానా అని చెప్పాను, ఖాసింబీ దగ్గరికి పెళ్లిగాజుల పని మీద వచ్చానన్నాను. ఆ పేరు వినగానే గ్లాసు కింద పెట్టాడు. ఎవరైనా అడుగుతారేమో అని ఇన్నాళ్లూ ఎదురు చూసినట్టు చెప్పుకుపోయాడు. గుండం తవ్వడం వాళ్ల తండ్రి నాటి నుంచి వస్తున్న పని. నిప్పు పెద్దదైనప్పుడు రవ్వలు ఎగిరి బట్టల దుకాణాల మీద పడతాయని ఆ వరస వాళ్లు ఏటా సణిగేవాళ్లట.

"ఖాసింబక్క ఒక్కనాడు ఏమనలేదమ్మా. ఎవరు ఏమనకుంటే ఆ దిక్కు జరుగుతం కదా. ఏటేటా గింతంత జరిపి తవ్విన. మా బాపు గూడ గట్లనే జరిపిండేమో. తాడు పట్టుకొని నిలవడ్డ నాడు ఆ ముచ్చట నాకు యాదికే రాలే" అన్నాడు.

తెలిసి చేసింది కాదు కదా, ఊరంతా అదే మధ్య అన్నది కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊరికి తెలియదు, నాకు తెలుసు, అదీ తేడా అన్నాడు. అప్పటి నుంచి ఆ బజారులో కాలు పెట్టలేదట. ఇంటికి పోవాలంటే చెరువు కట్ట వైపు నుంచి చుట్టూ తిరిగి పోతున్నాడు. సిమెంటు రోడ్డును తవ్వనీయరు కాబట్టి ఈసారి గుండం చావడి వాకిట్లో పెడుతున్నారు, తవ్వడానికి రమ్మని పెద్దలు కబురు పెట్టారు. పోనని చెప్పాడట. నేను ఖాసింబీ దగ్గరికే పోతున్నానని తెలిసి, ఆమెకు ఒక మాట చేరవేయమని అడిగాడు, మల్లయ్య ఇగ గడ్డపార పట్టడని. ఆ మాటతో ఆమెకేం ఒరుగుతుందో నాకు అర్థం కాలేదు గానీ సరేనన్నాను.

ఖాసింబీ దుకాణాన్ని దుకాణం అనడానికి నోరు రాదు. రెండు గోడల మధ్య బీరువా పట్టేంత సందు. మూడు వైపులా గాజుల దండలు, మధ్యలో ఆమె నిలబడి ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. కూర్చోవాలని చూస్తే మోకాళ్లు బయటికి వస్తాయి. ఆమె ముందు, మురికి కాలువకు ఇవతల, రెండు మూరల వెడల్పున నేల వట్టిగా పడి ఉంది. రోడ్డుకు అక్కర్లేని నేల, ఆమె గది ఉన్న నేల. దాని మీద ఎవరివో రెండు మోటారు సైకిళ్లు పెట్టి ఉన్నాయి. తిరిగి ఒక గోడ లేపుకోవచ్చు కదా అని నేను అడిగితే, ఉన్నది ఉంటే ఉండనిచ్చేవాళ్లట, కొత్తగా కడతానంటే పర్మిషను కావాలన్నారట. తిరిగే ఓపిక లేక వదిలేసింది. గాజులు డజను లెక్కన కట్టి ఇస్తుంది, తొడగదు. తొడగాలంటే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి, ఎదుటి మనిషి చెయ్యిని ఒళ్లో పెట్టుకుని మెత్తగా పిసికి, బొటనవేలు లోపలికి మడిచి ఎక్కించాలి. నిలబడి ఎక్కిస్తే గాజు చిట్లుతుంది, చెయ్యి కోసుకుంటుంది. నా ముంజేయి చూడగానే సైజు చెప్పింది, నేను తొడగమని అడిగితే మాత్రం వద్దంది.

స్వరూప పేరు చెప్పగానే మొహం వికసించింది. వాళ్లమ్మ పేరు, వాళ్ల అమ్మమ్మ పేరు, తమ ఇంట్లో ఎవరు ఎవరికి ఏ రంగు తొడిగారో అన్నీ చెప్పింది. ఫోను మేనల్లుడు తీసుకుపోయాడట, అందుకే ఎత్తడం లేదు. తమ్ముడింట్లో ఉంటోంది, తిండికి లోటు లేదు. పెళ్లికి రమ్మన్నప్పుడు మాత్రం మెల్లగా తల ఊపింది, రానన్నట్టు. గాజుల మలారం భుజాన వేసుకుని ఇండ్లకు తిరిగే వాళ్లు వేరు, తమ ఇంట్లో ఆ రివాజు లేదంది. పెళ్లిపిల్లే వచ్చి అరుగెక్కి కూర్చోవాలి, బజారులో పోయే నలుగురూ చూసి దీవించాలి, అప్పుడే మొదటి గాజు. అరుగు లేదు కాబట్టి ఇక ఆ పని తనది కాదని, అమ్మాయికి పట్నంలోనే కొనుక్కోమని చెప్పమంది. ఏడుపూ లేదు, కోపమూ లేదు. తీర్పు చెప్పినట్టు చెప్పింది. నాకే ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది మల్లయ్య మాట. అది చెప్పడం నాకు ఇష్టం లేదు, అయినా చెప్పాను, గుండం ఎట్లా ఇటు జరుగుతూ వచ్చిందో కూడా. ఆమె గాజుల దండ ఒకటి సర్దుతూ వింది.

"నాకెరుకలేదా బిడ్డా? ఏటేటా నిప్పు నా దగ్గరికి వస్తున్నది, నేను చూస్తనే ఉన్న. సలికాలంల పీర్లొస్తే అరుగు మీద ఎచ్చగుండేది. నిప్పు దగ్గరుంటే బర్కత్, ఇంటికి మంచిదనుకున్న, అందుకే ఏమనలే. మరి తప్పు మల్లయ్యది ఒక్కనిదే ఎట్లయితది?"

నేను పోయేటప్పుడు అతనికి చెప్పమని ఇంకో మాట అంది. "మల్లయ్య గుండం తవ్విన నాడు నేను గాజులు తొడుగుత. వాడు తవ్వకుంటే నేను తొడగ. గిదే మాట చెప్పు."

సాయంత్రం బస్సుకు బస్టాండు చేరేసరికి మల్లయ్య ఇంకా ఆ బల్ల మీదే ఉన్నాడు. వాన పెద్దదైంది. ఆమె అన్నది అన్నట్టు చెప్పాను, నిప్పు దగ్గరికి రావడం ఆమె చూస్తూనే ఉందన్న మాటతో సహా. అంతా విని కళ్లు మూసుకున్నాడు. సంతోషిస్తాడేమో అని నేను ఆశపడ్డాను, అబద్ధం ఎందుకు. చావడిలో పీర్లు లేచాక మొదట ఆగేది ఎప్పుడూ ఖాసింబీ అరుగు ముందేనట. బజారు ఆడవాళ్లంతా బిందెలతో ఆ అరుగెక్కి నిలబడి పీర్ల కాళ్ల దగ్గర నీళ్లు పోసేవాళ్లట. అది చెప్పి ఆయన కళ్లు తెరిచాడు.

"తవ్వుతనే అనుకో అమ్మా. పీర్లు లేచి బజార్లకు వస్తయి. ఏడ ఆగుతయి?"

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. కిటికీలోంచి చూస్తే ఆయన లేచి నిలబడి ఉన్నాడు, ఇంటికి ఏ తోవన పోవాలో తేల్చుకోలేనట్టు.

ఇది రాసే నాటికి ఇంకా నెల కనబడలేదు. మల్లయ్య గడ్డపార పట్టాడో లేదో నాకు తెలియదు. రోడ్లు వెడల్పు చేయకూడదని నేననను, అంబులెన్సు ఇరుక్కుపోయే సందుల్లో బతకమని ఎవరికీ చెప్పలేను. నన్ను పట్టి పీడిస్తున్నది వేరే. ఒక బజారు మొత్తం నమ్మిన నడిమధ్య, ఏమీ అనని ఒక్క మనిషి వైపు జరుగుతూ పోయింది. కొలత వచ్చిన రోజు ఆ లెక్క ఆమె ఒక్కతే కట్టుకుంది. సణిగిన వాళ్ల గదులు ఉన్నాయి. ఇంట్లో, బడిలో, ఆఫీసులో ఎవరు ఏమీ అనరో వాళ్ల వైపు మనం ఎంత జరిగామో అని అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. బస్సులో అంతా అదే ఆలోచన, కామారెడ్డి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడూ అదే.

పోవాలనుకునే వాళ్లకు ఒక్క సలహా. మధ్యాహ్నం దాటాక పోండి, పోయేటప్పుడు కామారెడ్డి స్టేషన్ రోడ్డులో రెండు చెక్క పీటలు కొనుక్కోండి, సంచిలో పట్టేవి చాలు. స్వరూపకూ అదే చెప్పాను, అమ్మాయిని తీసుకుని పొమ్మని. ఆ మోటారు సైకిళ్లను కాస్త జరిపితే, ఖాసింబీ ముందున్న వట్టి నేల మీద రెండు పీటలూ సరిగ్గా పడతాయి. నేను చూసి వచ్చాను. ఆమె వద్దంటుంది. మీరు ఒకటి వేసుకుని కూర్చుని చెయ్యి చాచండి, రెండోది ఆమె ముందు పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రెండూ అక్కడే వదిలేసి రండి.